కోసో పూత: బాలే కొండల డైరీ

2013 అక్టోబర్ 27, బాలే రోబే, ఇథియోపియా

కోసో పూత మొదలైంది. గోబా వెళ్లే దారిలో ఓ పాత పెరట్లో రెండు చెట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని గుత్తులు కెంపు రంగుకి తిరుగుతున్నాయి. రెండోదానివి మాసిన తెలుపు. తెలియనివాళ్లు రెండు వేర్వేరు జాతులనుకుంటారు. ఒకటి ఆడ చెట్టు, ఒకటి మగ చెట్టు, అంతే. పోతుతాడికీ ఆడతాడికీ ఉన్న తేడాయే. కాకపోతే తాడిచెట్టు ఇంత సింగారించుకోదు.

ఊరు దాదాపు 2,500 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున స్వెట్టర్ లేకుండా గడప దాటలేం. కోసోకి ఈ చలే కావాలి. ఇథియోపియా నుంచి కెన్యా, ఉగాండా, రువాండా, కాంగో, టాంజానియా మీదుగా మలావీ, జాంబియా దాకా ఎత్తు కొండలున్న చోటల్లా ఉంటుంది, కొండ దిగితే ఉండదు. ఆఫ్రికా చెట్టనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది గొడుగు తుమ్మ, దాని వెనక దిగిపోతున్న సూర్యుడు. ఆ బొమ్మలో దీనికి చోటు లేదు.

అక్టోబర్ 29

క్లాసులో రెండో సంవత్సరం బోటనీ వాళ్లకి కోసో కొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టాను. హాజేనియా అబిస్సినికా. రోజేసీ, అంటే గులాబీ కుటుంబం. ఆ ప్రజాతిలో ఇదొక్కటే జాతి. దగ్గరి దాయాది ఎవరంటే దక్షిణాఫ్రికా కొండల్లో ఉండే ల్యూకోసిడియా.

ఆకు మూరకి కాస్త తక్కువ. పెద్ద పత్రకాలు జంటలుగా, ఆ జంటల మధ్య గోరంత గుండ్రటి పత్రకాలు. అంచున రంపపు పళ్లు, అడుగున వెండి నూగు. పత్రపుచ్ఛాలు తొడిమకి రెక్కల్లా అంటుకుని కొమ్మని చుట్టేస్తాయి. అందుకే ఆకు రాలిన చోట కొమ్మ చుట్టూ ఉంగరం మచ్చ మిగులుతుంది. పువ్వు లేని కాలంలో చెట్టుని గుర్తుపట్టడానికి ఆ ఉంగరాలు చాలు.

పుష్పవిన్యాసం అర మీటరు పైన వేలాడుతుంది, పువ్వు మాత్రం చిన్నది. ఆకర్షణ పత్రాలు పేరుకే ఉన్నాయి. ఆడ పువ్వులో మనం చూసే ఎరుపంతా రక్షక పత్రాలది. గింజ కట్టాక అవే ఎండి, దాన్ని గాలికి ఎగరేసే రెక్కలవుతాయి. మగ పువ్వులో ఇరవై దాకా కేసరాలు.

"టీచర్, కడుపులో పురుగులకి మందు ఏ చెట్టుది?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు. (ఇక్కడ ఎవరూ సార్ అనరు, టీచర్ అంటారు.) నేను నోరు తెరిచేలోపే ముందు వరస అమ్మాయి అందుకుంది. "ఆడ చెట్టుది. మగ పువ్వు తాగితే వాంతులే మిగులుతాయి, పురుగు పోదు. మా అవ్వ చెప్పేది."

ఏకలింగాశ్రయి మొక్కలంటే ఏమిటో ఈ క్లాసులో వేరే చెప్పనక్కర్లేదు.

నవంబర్ 2

సంతకి వెళ్లాం. ఆ ముందు వరస అమ్మాయే దుబాసీ. ఆమెది ఆర్సీ వైపు ఊరు, ఓరోమో ఇంటి భాష. ఓరోమోలో ఈ చెట్టుని హేటో అంటారు. కోసో అమ్హారిక్ పేరు.

దినుసులమ్మే ఆవిడ ముందు గోనెపట్టా మీద మెంతులు, నల్లజీలకర్ర, కొరెరిమా యాలకులు, ఫెటో గింజలు. ఫెటో అంటే మన ఆదిత్యాలే. చివర్న కోసో. ఎండిన ఆడ గుత్తుల్ని మెలిపెట్టి, చుట్టలా చేసి, చీలిక బద్దతో కట్టి పెట్టింది. వాసన పెద్దగా లేదు. ఒక రేకు నాలిక మీద పెట్టుకుంటే మొదట ఏమీ తెలియదు, తర్వాత నోరంతా వికారంగా చేదెక్కి, నీళ్లు తాగినా వదలదు.

కొంటామన్నాక ఆవిడ ధర చెప్పలేదు, ప్రశ్నలేసింది. ఎవరికి? మనిషి లావా సన్నమా? ఆడమనిషయితే కడుపుతో లేదు కదా? ఇంతకు ముందు తాగిందా, తాగితే ఎన్నాళ్లయింది? మా అమ్మాయి నవ్వి, "ఆద్దె, తాగడానికి కాదు, పాఠానికి" అంది. ఆవిడ చేతిలో ఉన్న చుట్టని పక్కన పెట్టి, గోనె అడుగు నుంచి రంగు వెలిసినదొకటి తీసింది. పాఠానికయితే పోయినేడాదిది చాలట. తాగేవాళ్లకి మాత్రం ఈ ఏటి పూతే ఇస్తుందట.

మందుల చీటీలో ఉండాల్సినవన్నీ ఆ ప్రశ్నల్లో ఉన్నాయి: రోగి, బరువు, వద్దనాల్సిన సందర్భం, మధ్యలో ఉండాల్సిన ఎడం, సరుకు గడువు.

నవంబర్ 6

హాజేనియా అన్న పేరు వెనక జేమ్స్ బ్రూస్ సంగతి. స్కాట్లండ్ జమీందారు. 1769లో మసావా రేవులో దిగి, గోండర్ రాజుల కొలువు చూసి, నీలి నైలు పుట్టుక చూసి 1772లో బయటపడ్డాడు. 1790లో ఐదు సంపుటాల పుస్తకం వేశాడు. అందులో కోసోకి బొమ్మతో సహా చోటిచ్చాడు. మిత్రుడు జోసెఫ్ బ్యాంక్స్ పేరు కలిసేలా బ్యాంక్సియా అబిస్సినికా అన్నాడు. ఆ పేరు అప్పటికే ఆస్ట్రేలియా మొక్కలకి పోయింది. ఆ మరుసటేడు గ్మెలిన్ అనే జర్మన్ పండితుడు హాజేనియా అని మార్చాడు. కోనిగ్స్‌బర్గ్‌లో మందుల కొట్టు నడిపిన కార్ల్ గాట్‌ఫ్రీడ్ హాగెన్ పేరు మీద. తత్వవేత్త కాంట్ ఉన్న ఊరది, ఇద్దరూ ఎరిగినవాళ్లే. ఇథియోపియాతో ఆ హాగెన్‌కి బొత్తిగా సంబంధం లేదు. అయినా మందు చెట్టుకి మందుల కొట్టు ఆసామి పేరు పడింది, అంతవరకు మెరుగు.

బ్రూస్ వెంట లుయీజి బాలుగాని అనే ఇటలీ చిత్రకారుడు వచ్చాడు. మొక్కల బొమ్మలు చాలామటుకు అతని చేతివే. గోండర్‌లోనే చనిపోయాడు. బ్రూస్ తన పుస్తకంలో బొమ్మల ఘనత తన ఖాతాలోనే వేసుకున్నాడు. అసలు చిత్రాలిప్పుడు అమెరికాలో, యేల్ విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గరున్నాయి. కోసోని చూపించి దాని పని చెప్పినవాళ్ల పేర్లయితే ఏ ఖాతాలోనూ లేవు.

నవంబర్ 10

సహోద్యోగి ఇంట్లో విందు. ఇంకో రెండు వారాల్లో ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాసం మొదలవుతుంది. అది జనవరి 7న వచ్చే క్రిస్మస్ దాకా సాగుతుంది, మాంసం, పాలు, వెన్న ముట్టరు. అందుకని ముందే కడుపు నింపుకోవడం. ఈ ఊళ్లో ముస్లింలూ క్రైస్తవులూ కలిసి బతుకుతారు, విందులకి వెళ్తారు, కానీ కసాయి దుకాణాలు ఎవరివి వారివే. పచ్చి మాంసం మీద ఇష్టంలో మాత్రం తేడా లేదు.

తెరె సిగా అంటే కోసిన కాసేపటికే తెచ్చిన ఎద్దు మాంసం. ముక్కని పళ్ల మధ్య పట్టుకుని కత్తితో పెదవి దగ్గర కోసుకుంటూ, మిట్‌మిటా కారంలో అద్దుకుని తింటారు. కిట్‌ఫో అయితే సన్నగా తరిగి, మసాలా వేసిన వెన్న కలిపి పెడతారు. మా ఫిజిక్స్ మాస్టారిది ఒంగోలు. ఒంగోలు గిత్తల గురించి గర్వంగా చెప్పుకునే మనిషి ఆ పళ్లెం ముందు కూర్చోలేక లేచి వరండాలోకి పోయాడు.

"మాస్టారూ, తినకపోతే మానెయ్యండి, చూడొచ్చుగా."

"మీరు బోటనీ వాళ్లు, దేన్నయినా చూస్తారు. నాకొద్దు బాబూ."

ఇంటాయన నాకు మాంసం లేని షిరో కూర వడ్డిస్తూ తనే ఎత్తుకున్నాడు. "మా తాతల కాలంలో మాంసం తిన్నవాడికి కోసో తప్పదు. రెండూ ఒకే లెక్కలో ఉండేవి."

నవంబర్ 11

నిన్నటి మాటకి శాస్త్రం. ఎద్దు మాంసంలో దాక్కునేది టీనియా సాజినేటా, బద్దెపురుగు. మనిషి పేగులో నాలుగు నుంచి పది మీటర్ల దాకా పెరుగుతుంది. తలకి నాలుగు చూషకాలు, వాటితో పేగు గోడని పట్టుకుంటుంది. తోక చివర ముదిరిన ఖండాలు తెగి, ఒక్కోసారి వాటంతట అవే పాకుతూ బయటికొస్తాయి. మనిషి ఆరుబయట కూర్చున్న చోట గుడ్లు గడ్డిలో చేరతాయి, గడ్డి ఎద్దులోకి, ఎద్దు కండలో నీటిబుడగంత తిత్తి, పచ్చిగా తిన్న మాంసంతో మళ్లీ మనిషిలోకి. మాంసం ఉడికితే ఈ చక్రం అక్కడే ఆగుతుంది. కానీ ఉడికిస్తే అది తెరె సిగా కాదు.

కోసో ఈ చక్రాన్ని ఆపదు. మనిషిని మళ్లీ విందుకి సిద్ధం చేస్తుంది. రెండు నెలలకొకసారి కోసో తాగడం ఇథియోపియా ఎత్తు ప్రాంతాల్లో ఒకప్పుడు ఇంటింటి ఆనవాయితీ. రిచర్డ్ పాంక్‌హర్స్ట్ ఇక్కడి బద్దెపురుగు మందుల చరిత్ర రాశాడు. అడిస్ అబాబాలో ఇథియోపియా అధ్యయన సంస్థకి తొలి డైరెక్టర్ ఆయనే.

నవంబర్ 14

కోసో తాగే పద్ధతి ఆ ముందు వరస అమ్మాయిని అడిగి రాసుకున్నాను. ఆమె వాళ్ల అవ్వని ఫోన్లో అడిగింది, అవ్వ కేకలు నాకూ వినిపించాయి.

ముందు రాత్రి ఏమీ తినకూడదు. తెల్లవారాక ఎండు ఆడ పువ్వుని కాడలు ఏరేసి నూరి, పెద్దవాళ్లకయితే పిడికెడు, నీళ్లలో కలపాలి. వడగట్టకూడదు, పిప్పితో సహా మింగాలి. గుక్కలు గుక్కలుగా కాదు, ఒకే దమ్ములో. కక్కుకోకుండా పట్టుకోవడమే అసలు పరీక్ష. అందుకు ముక్కు దగ్గర ఏదైనా ఘాటైన ఆకు పట్టేవారట. తర్వాత పురుగు పడేదాకా తిండి లేదు. మధ్యాహ్నానికి విరేచనాలవుతాయి. పడినదాన్ని కర్రతో కదిపి తల వచ్చిందో లేదో చూడాలి. తల లోపల మిగిలిందా, మూడు నెలల్లో మళ్లీ మొదటికి. సాయంత్రం కోడి పులుసు.

"పిడికెడంటే ఎవరి పిడికెడు?" అని అడగమన్నాను. అవ్వ సమాధానం: తాగేవాడి పిడికెడు. పిల్లవాడి పిడికిలి చిన్నదే కదా.

ఒంటి బరువుని బట్టి మోతాదు ఇంత తేలిగ్గా చెప్పిన పాఠం నేనెక్కడా చదవలేదు.

నవంబర్ 15

చక్రవర్తి తెవోద్రోస్ కథ ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. రాజు కాకముందు ఆయన పేరు కాసా. తండ్రి పోయాక తల్లి పేదరికంలో కోసో అమ్మి బతికిందంటారు. ఒక శత్రు సేనాని "ఆ కోసో అమ్మేదాని కొడుకుని పట్టి తెస్తా" అని బీరాలు పలికాడట. యుద్ధంలో ఓడి కాసా చేతికి తనే చిక్కాడు. కాసా అతని ముందు పెద్ద పాత్రతో కోసో పెట్టించి, పాపం మా అమ్మకి ఇవాళ సంతలో బేరం తగల్లేదు, నువ్వే తాగు అన్నాడని చెప్పుకుంటారు.

1855లో ఆయన సింహాసనమెక్కాడు, 1868లో మక్దలా కోటలో చనిపోయాడు. ఆయన మీదికి బ్రిటిష్‌వాళ్లు పంపిన నేపియర్ సైన్యం బొంబాయి నుంచే ఓడలెక్కింది. వెంట 44 ఏనుగులు కూడా.

నవంబర్ 17, ఆదివారం

అమ్మతో ఫోను.

"ఏరా, అక్కడ పచ్చి మాంసం తింటారటగా? మీ మాస్టారి భార్య చెప్పింది."

"తింటారమ్మా. పురుగులకి మందు కూడా వాళ్ల దగ్గరే ఉంది."

"పురుగులకి మందంటే మనకి లేదా? చిన్నప్పుడు నీకు వాయువిడంగాల పొడి తేనెలో నాకించలేదూ? ఉమ్మేసేవాడివి."

వాయువిడంగాలు! ఎంబెలియా రైబిస్. ఇక్కడ అదే ప్రజాతికి చెందిన ఎంబెలియా షింపెరి కాయల్ని ఎంకోకో అంటారు, బద్దెపురుగుకే వాడతారు. రెండింట్లోనూ ఎంబెలిన్ అనే పదార్థమే. సముద్రానికి ఇటూ అటూ రెండు వైద్యాలు ఒకే ప్రజాతిని ఒకే పనికి పట్టుకున్నాయి. ఇది ఎవరు ఎవరికి నేర్పారన్న వాదన పెట్టుకోనక్కర్లేదు. కడుపులో పురుగులున్న మనుషులు చేతికందిన కాయలన్నీ కొరికి చూసి ఉంటారు.

ఎంత పెట్టేదానివని అడిగాను. "మూడు వేళ్లకొచ్చినంత." మళ్లీ వేళ్లే. "మోదుగ గింజలు మాత్రం నేనెప్పుడూ నా చేత్తో ఇవ్వలేదు, వాటి కొలత మీ నాయనమ్మకే తెలుసు" అంది.

నవంబర్ 23, దిన్షో

విద్యార్థులతో బాలే జాతీయ వనం. దిన్షోలో దాని ముఖ్య కేంద్రం, 3,000 మీటర్ల పైనే. ఆఫీసు వెనక్కి నాలుగడుగులేస్తే కోసో అడవి.

పెరటి కోసో వేరు, ఇది వేరు. మొద్దులు పొట్టిగా, వంకర్లు తిరిగి, ముగ్గురు చేతులు కలిపినా అందనంత లావు. ఎర్రమట్టి రంగు బెరడు పొరలు పొరలుగా ఊడుతోంది. కొమ్మలనిండా నాచు, ఉస్నియా లైకెన్ గడ్డాలు. కింద కొండ న్యాలా జింకల మంద పడుకుని ఉంది. మేం దగ్గరికెళ్తే మగది ఒకటి లేచి నిలబడి చూసింది, మిగతావి లేవడం కూడా దండగనుకున్నాయి. ఈ జంతువు ఇథియోపియా కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు.

ఇంత పూత, ఇంత విత్తనం. కింద వెతికితే పిల్ల మొక్కలు అరుదు. పిల్లలు గంటసేపు వెతికారు. పశువులు తొక్కుతాయి, మేస్తాయి, అది ఒక కారణం. అసలు కారణం ఇంకోటుంది. కోసో మొలకకి ఎండ కావాలి, తల్లి నీడలో బతకదు. కెన్యా కొండ మీద చేసిన పరిశీలనల్లో ఒక్కో తోపులో చెట్లన్నీ ఇంచుమించు ఒకే వయసువని తేలింది: ఎప్పుడో నిప్పు పడి అడవి తెరిపినపడితే, అప్పుడు ఒక్కసారిగా లేచిన తరం. నిప్పు రోజూ పడితే చెట్టు పోతుంది, అసలే పడకపోతే తరం మారదు. వనంలో ఈ సంగతి బోర్డు మీద రాయడం కష్టమే. నిప్పు పెట్టొద్దన్న బోర్డు పక్కన మరీ కష్టం.

డిసెంబర్ 4

ఆస్పత్రిలో పనిచేసే ఒక పెద్ద డాక్టరు టీకి పిలిచారు. కోసో మాట ఎత్తగానే ఆయన గొంతు మారింది. వైద్యవిద్య కొత్తల్లో తాను చూసిన ఒక కేసు చెప్పారు. యాభై ఏళ్ల రైతు. పురుగు తల పడలేదని మర్నాడు మళ్లీ తాగాడు, పిడికెడు కాదు, ఇంకా ఎక్కువ. మూడో రోజుకి చూపు పోయింది. తిరిగి రాలేదు.

కోసోతో కంటి నరం దెబ్బతినడం 1960ల చివర్లోనే ఇథియోపియా వైద్య పత్రికలకెక్కింది. చెట్టులో పనిచేసేది కోసోటాక్సిన్, దాని చుట్టాలయిన ఫ్లోరోగ్లూసినాల్ జాతి పదార్థాలు. పురుగు కండరాల్ని చచ్చుబడేలా చేసి పట్టు వదిలిస్తాయి. ఆ విషం మనిషి కండకీ నరానికీ కొత్తేమీ కాదు, మోతాదు దాటితే చాలు. గర్భం పోగొట్టుకోవడానికి తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ల సంగతీ ఆయన చెప్పారు. సంతలో ఆవిడ కడుపుతో ఉన్నవాళ్ల గురించి ఎందుకు అడిగిందో అర్థమైంది. వద్దని చెప్పడానికే కాదు, ఎవరు ఎందుకు కొంటున్నారో కనిపెట్టడానికి కూడా.

ప్రకృతి మందులకి దుష్ఫలితాలు ఉండవని రోజూ నా వాట్సాప్‌కి సందేశాలొస్తుంటాయి. ఆ డాక్టరు గారి నంబరు ఇస్తే బాగుండును.

డిసెంబర్ 8

కోసో కథలో యూరప్ భాగం, చిన్నది. ఇస్తాంబుల్‌లో వైద్యం చేసిన బ్రేయర్ అనే ఫ్రెంచి డాక్టరు ద్వారా ఈ పువ్వు పారిస్ చేరింది. 1820ల్లో కుంత్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని కొత్త మొక్కనుకుని బ్రేయెరా ఆంథెల్మింటికా అని మరో పేరు పెట్టాడు. 19వ శతాబ్దం మధ్యకి లండన్, పారిస్ మందుల కొట్లలో విపరీతమైన ధరకి అమ్మారు, తర్వాత అధికారిక ఔషధ గ్రంథాల్లోకీ ఎక్కింది. పని చేస్తుందని కొందరు, చేయదని కొందరు. నెలల తరబడి ఒంటెల మీదా ఓడల మీదా నిల్వ ఉండి చేరిన సరుకది. రోబే సంత ఆవిడయితే దాన్ని పాఠానికి తప్ప ఇచ్చేది కాదు.

యూరప్‌కి సొంత బద్దెపురుగు మందు లేకపోలేదు. మగ ఫెర్న్ అనే పర్ణాంగపు దుంప. అందులోనూ ఫ్లోరోగ్లూసినాల్ పదార్థాలే, దానితోనూ చూపు పోయినవాళ్లున్నారు. ఒకటి నాటు మందు, ఒకటి శాస్త్రీయం అనడానికి రసాయనంలో ఆధారమేదీ లేదు.

డిసెంబర్ 9

కెన్యాలో కోసో బెరడు చల్లనీళ్లలో నానబెట్టి కడుపునొప్పికీ విరేచనాలకీ ఇస్తారు. వేరుని మాంసంతో ఉడికించి, జ్వరపడ్డవాళ్లకి ఆ చారు తాగిస్తారు. ఒకే చెట్టు, ఇక్కడ విరేచనానికి పువ్వు, అక్కడ విరేచనం కట్టడానికి బెరడు.

డిసెంబర్ 12

గొరిల్లాల సినిమా చూశారు హాస్టల్ పిల్లలు. వెనక కనిపించే నాచు పట్టిన చెట్లు కోసోలేనని చెప్తే నమ్మలేదు. 1967లో గొరిల్లాల పరిశోధకురాలు డయాన్ ఫాసీ రువాండాలో కరిసోకే శిబిరం వేసుకున్నది హాజేనియా అడవిలోనే. విరుంగా అగ్నిపర్వతాల మీద కొండ గొరిల్లాల ఇల్లు ఈ చెట్ల మధ్య. అంత బరువున్న జంతువు వంకర కొమ్మ మీద నాచు పరుపులో కూర్చోగలగడం కోసో మొద్దు పుణ్యమే.

డిసెంబర్ 20, గోబా

వడ్రంగి కొట్టు. మంచం పట్టె ఒకటి చూపించాడు: ముదురు ఎరుపు, రందా పడితే నున్నగా మెరిసింది. కోసోనా అంటే, "పాతది, మా నాన్న నాటిది" అన్నాడు, అడగకుండానే. 1994 అటవీ చట్టం ప్రభుత్వ అడవుల్లో నాలుగు చెట్ల మీద గొడ్డలి పడకూడదంది: కోసో, వాంజా, జిగ్బా, జునిపర్. (వాంజా మన విరిగి చెట్టుకి దగ్గర చుట్టం.) నాలుగూ మంచి కలప. ఏది నిషేధమో చదివితే ఏది గిరాకీయో తెలిసిపోతుంది.

మందు కోసం గుత్తి కోసేవాళ్లుంటే చెట్టు నిలబడాలి. బల్ల కోసం చూసేవాళ్లకి చెట్టు పడాలి. మందుగా దీని మీద జనానికి అక్కర తగ్గడం కలప వ్యాపారికి ఏమాత్రం నష్టం కాదు. అక్కర ఎందుకు తగ్గిందంటే, 1960ల నుంచి నిక్లోసమైడ్ మాత్రలు, తర్వాత ప్రాజీక్వాంటెల్ వచ్చాయి. రోబేలో ఏ మందుల షాపుకెళ్లినా నాలుగు మాత్రలు నమిలి మింగమని ఇస్తారు. ఒక పూట ఒళ్లు హూనం చేసుకోనక్కర్లేదు, కళ్లకి గండం లేదు. నేను తెరె సిగా తినేవాణ్నయితే మాత్రే మింగుతాను, సందేహం లేదు. ఆ అమ్మాయి వాళ్ల అవ్వ కూడా ఇప్పుడు మాత్రలే వేసుకుంటోందట. ఆ మాట అప్పటి ఫోన్లో చివర్న, నవ్వుతూ చెప్పింది.

డిసెంబర్ 27

కోసో పూసిన వెంటనే తీసిన తేనెకి కూడా పురుగుని పడగొట్టే గుణం ఉంటుందని చెప్తారు. ఒక సీసా దొరికింది. ఫిజిక్స్ మాస్టారు రొట్టె మీద రాసుకుని సగం తిన్నాక ఈ సంగతి చెప్పాను. మాస్టారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

2014 జనవరి 7

క్రిస్మస్, ఇక్కడి మాటలో జెన్నా. కసాయి దుకాణాల ముందు తెల్లవారుజాము నుంచే జనం. పురుగు పేగులో ముదిరి ఖండాలు రాల్చడానికి పది పన్నెండు వారాలు పడుతుంది. ఇవాళ తిన్నదాని లెక్క మార్చి చివరికి గానీ తేలదు.

జనవరి 16

గింజలు రాలుతున్నాయి. గోబా దారిలోని ఆడ చెట్టు కింద దుప్పటి పరిచి దులిపాం. గోధుమ రంగు పొట్టే ఎక్కువ, నలిపి ఊదితే మిగిలే గింజ ఆవగింజంత. గట్టి గింజలు తక్కువ, తాలు ఎక్కువ.

నర్సరీ పెట్టాలని పిల్లల పట్టు. చిక్కు ఏమిటంటే, మొక్క పూతకొచ్చేదాకా ఆడదో మగదో తెలియదు. ఇళ్ల దగ్గర నాటుకునేవాళ్లు ఆడ మొక్కే కావాలంటారు. నీడకీ ఎరువాకుకీ ఏదైనా ఒకటేనని చెప్పి చూశాం. కోసోకి పేరంటూ ఉంటే అది ఆడ చెట్టుదే, మగ దాన్ని ఎవరు పెంచుతారని ఎదురడిగారు. అందరూ ఆడవే ఉంచి మగవి కొట్టేస్తే గింజ ఎక్కడిదని మా అమ్మాయి వాళ్లతో వాదించింది.

జనవరి 21

అడవిలో గింజ చెట్లని గుర్తుపెట్టుకోవడానికి ఆడవాటికి ఎర్ర రంగు పూద్దామన్నాడు ఒక విద్యార్థి. వనం కాపలాదారు ఒప్పుకోలేదు. రంగు పూసిన చెట్టంటే కొట్టడానికి ఎంచిన చెట్టని కట్టెలవాళ్లకి గుర్తు, రాత్రికి రాత్రి లేపేస్తారన్నాడు. రంగు బదులు అన్నిటికీ అంకెల రేకులు కొడదాం, ఆడ మగ లెక్క పుస్తకంలో ఉంచుదాం అన్నాను. పుస్తకం ఎవరి దగ్గరుండాలన్న దాని మీద మళ్లీ చర్చ. చివరికి ఆ అమ్మాయి దగ్గర ఉంచారు. రేకులకి డబ్బు ఇంకా రాలేదు. మేకులు మాత్రం వడ్రంగి ఊరికే ఇస్తానన్నాడు.